మెల్చోర్ ఎక్స్‌పోసితో చుట్టాలు

సకల పునీతుల పండగకి రెండు రోజుల ముందు తొర్రెలోసా ఊళ్ళో ఏ ఆడమనిషీ ఇంట్లో దొరకదు. అందరూ బకెట్లు, పీచులు, బ్లీచింగ్ సీసాలు పట్టుకుని శ్మశానానికి చేరతారు. అక్కడ పోయినవాళ్ళని నేలలో పాతిపెట్టరు. పొడుగాటి గోడలో ఒకదాని మీద ఒకటిగా గూళ్ళు కట్టి, వాటిలో పడుకోబెట్టి, ముందు పాలరాతి పలక బిగిస్తారు. పండగ రోజున ఊరంతా ఆ గోడల వెంట చామంతులు పట్టుకుని తిరుగుతుంది, ఎవరి పలక మీద ఎంత మట్టి ఉందో చూసి లోపల ఉన్నవాళ్ళ మీద కాదు, బయట ఉన్నవాళ్ళ మీద తీర్పు చెబుతుంది.

డెబ్భై ఒక్క ఏళ్ళ తిస్కార్ మీద ఇంతవరకూ ఎవరూ తీర్పు చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ ఉదయం ఆమె చక్రాల నిచ్చెన ఎక్కి, మూడో వరసలో ఉన్న తండ్రి పలకని పళ్ళు తోముకునే బ్రష్షుతో ఒక్కొక్క అక్షరమే తోముతోంది. 'మెల్చోర్ ఎక్స్‌పోసితో' అని పెద్దక్షరాలు. ఆయన కంటే పదేళ్ళ ముందు పోయిన తల్లి 'బ్రిహిదా మోలీనా' పేరు కింద చిన్నగా. ఆ గూటికి సరిగ్గా కిందది ఖాళీ. ఇటుకలు పేర్చి సున్నం కొట్టి ఉంది. అది తిస్కార్ కోసం తండ్రి కొని పెట్టి వెళ్ళింది. ఏటా దానికి కూడా తనే సున్నం కొట్టుకుంటుంది. పెళ్ళి చేసుకోలేదు, సొంతిల్లు కట్టుకోలేదు, ఇదైనా శుభ్రంగా ఉంచుకోవాలి కదా అనేది ఆమె లెక్క.

నిచ్చెన ఒక్కసారి కదిలింది. వెంటనే ఎవరో పట్టుకున్నారు.

"మెల్లిగా, తిస్కార్. పడతావ్."

ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అది నాన్న గొంతు. అదే బొంగురు, అదే లాగుడు. తిరిగి చూడకుండానే అది ఎవరిదో ఆమెకి తెలిసిపోయింది, తెలిసినందుకు ఒళ్ళు మండింది.

"ఎవరండీ మీరు?" అంది, మళ్ళీ పలకని తోముతూ.

"నేనే. అన్సెల్మోని."

"ఏ అన్సెల్మో? ఈ ఊళ్ళో ముగ్గురున్నారు. ఒకడు రొట్టెల కొట్టువాడు. ఒకడు మా కాందెలాస్ మొగుడు, వాడు ఆ మూల గూట్లో ఉన్నాడు. ఇంకోటి మేయరు గారి గాడిద."

"నా మొగుణ్ణి గాడిద పక్కన కట్టకే!" అని పక్క వరస నుంచి కాందెలాస్ అరిచింది. ఆమెది పక్కిల్లే. అరవై ఏళ్ళుగా గోడకి చెవి ఆనించి బతుకుతున్న మనిషి. ఇప్పుడు పీచు పక్కన పడేసి మరీ వింటోంది.

"మీ అన్నయ్యనే తిస్కార్. వాలెన్సియా నుంచి వచ్చాను."

"ఓహో, మోలీనా గారా! ముందే చెప్పరేం? అంత దూరం నుంచి వచ్చారు. చూడండి, మీకు వెయ్యడానికి కుర్చీ కూడా లేదిక్కడ."

అన్నయ్య నిచ్చెన వదల్లేదు. ఆమె దిగక తప్పింది కాదు. దిగి చూసింది. ఎప్పుడూ గడ్డం నున్నగా గీసుకుని, బూట్లలో మొహం చూసుకునే మనిషి. ఇప్పుడు కోటు భుజాల మీంచి జారిపోతోంది, మెడ కోడిమెడలా పీక్కుపోయింది. డెబ్భై నాలుగేళ్ళవాడిలా లేడు, ఇంకో పదేళ్ళు ఎవరో అరువిచ్చినట్టున్నాడు.

"ఒంట్లో బాగాలేదా?" అంది. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"ఈస్టర్ దాకా అన్నారు డాక్టర్లు. మాటవరసకి అన్నారేమో, అంతదాకా కూడా ఉండనేమో." అన్నాడు. "మా ఆవిడ లెయొనోర్ పోయి ఆరేళ్ళయింది. మందుల షాపు వాళ్ళ నాన్న కొన్న గూడు వాళ్ళ మనుషులతోనే నిండిపోయింది. మా అమ్మాయి నన్ను కాల్చి బూడిద సముద్రంలో కలుపుతానంటోంది. నాకు ఈత కూడా రాదు తిస్కార్."

కాందెలాస్ ఫక్కున నవ్వి, తర్వాత చెంపలేసుకుంది.

"అయితే?"

"ఆ కింద గూడు..." అని వేలెత్తి చూపించకుండా కళ్ళతోనే చూపించాడు. "నాన్న దగ్గర పడుకోవాలనుంది. నీ సంతకం కావాలన్నారు మునిసిపల్ ఆఫీసులో."

తిస్కార్ బ్రష్షుని బకెట్లోకి విసిరింది. నీళ్ళు అతని ప్యాంటు మీద చిందాయి.

"ఆ పలక మీద ఏం రాసుందో చదవడం వచ్చా మీకు? ఎక్స్‌పోసితో అని రాసుంది. మీరు మోలీనా. మోలీనాల గూళ్ళు అటువైపు, తలుపు పక్కన ఉన్నాయి. వెళ్ళి వాళ్ళనడగండి."

మెల్చోర్‌కి ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పేవాడు. పట్నంలో అనాథ పసిపిల్లల ఇల్లు ఒకటుండేది. దాని గోడలో గుండ్రంగా తిరిగే చెక్కపెట్టె. పెంచుకోలేని తల్లి బిడ్డని అందులో పెట్టి, గంట కొట్టి, పెట్టెని లోపలికి తిప్పి వెళ్ళిపోయేది. లోపల సన్యాసిని అందుకునేది. ముగ్గురు రాజుల పండగ తెల్లవారుజామున దొరికాడని ఈయనకి ఆ ముగ్గురిలో ఒకరి పేరు, మెల్చోర్ అని పెట్టారు. ఇంటిపేరు మాత్రం ఆ పెట్టెలోంచి వచ్చిన పిల్లలందరికీ ఒక్కటే. ఎక్స్‌పోసితో. అంటే, బయట పెట్టినవాడు.

"బయట పెట్టినవాళ్ళ సంగతి నాకు తెలీదు. లోపలికి తీసుకున్నవాళ్ళ సంగతి నాకు తెలుసు. ఆ పేరు వాళ్ళది," అనేవాడు మెల్చోర్.

లోపలికి తీసుకున్నది తోమాసా అనే పాలిచ్చే ఆవిడ. నెల జీతానికి పసివాణ్ణి తొర్రెలోసా తెచ్చుకుంది. ఏడేళ్ళు నిండాక జీతం ఆగిపోయింది, పిల్లాణ్ణి వెనక్కి తెచ్చివ్వమని కబురొచ్చింది. "తిరిగిచ్చెయ్యడానికి ఏమన్నా అరువు తెచ్చుకున్న జల్లెడా?" అని తోమాసా కబురు తెచ్చినవాడికి ఒక గిన్నెడు చారు పోసి పంపించేసింది. ఆ జిల్లా పల్లెటూళ్ళ నిండా అలాంటి తోమాసాలే. అందుకే హయేన్ కొండల్లో ఏ ఆలివ్ తోటలోకి వెళ్ళి ఎక్స్‌పోసితో అని కేకేసినా ఇద్దరు ముగ్గురు తలెత్తి చూస్తారు. కోటల పేర్లు, నదుల పేర్లు ఉన్న గొప్పిళ్ళవాళ్ళు జిల్లా అంతా వెతికినా గుప్పెడు మందే. వీళ్ళు వేలల్లో.

దీని మీదే మెల్చోర్‌కి ఒక సిద్ధాంతం ఉండేది. ఎవరి తల్లి ఎవరో ఎవరికీ తెలీదు కాబట్టి, ఇద్దరు ఎక్స్‌పోసితోలు అన్నదమ్ములు కారని చెప్పే మొనగాడు ఈ దేశంలో లేడు. కాబట్టి అందరూ చుట్టాలే. సంతలో, రైల్లో, నూనె మిల్లు ముందు, ఎక్కడ ఆ ఇంటిపేరు వినబడినా వెళ్ళి భుజం మీద చెయ్యేసి ఒకటే మాట అడిగేవాడు.

"ఏమయ్యా చుట్టం, ఇన్నాళ్ళూ ఎక్కడ తప్పిపోయావ్?"

అవతలివాడు బిత్తరపోయేవాడు. తర్వాత నవ్వేవాడు. ఆ తర్వాత ఇద్దరూ రొట్టె విరుచుకుని తినేవాళ్ళు. ఒకసారి రైల్లో టికెట్టు లేకుండా పిల్లలిద్దరితో సహా ముగ్గురూ దొరికిపోతే, టికెట్లు చూసేవాడి కోటు మీది పేరు చదివి మెల్చోర్ లేచి నిలబడి కావలించుకున్నాడు. ఆ టికెట్లాయన జరిమానా రాసే బదులు తన తల్లి చేసిన పందిమాంసం సాసేజి కోసి పెట్టాడు. తిస్కార్‌కి ఆ సాసేజి రుచి ఇప్పటికీ నాలిక మీదే ఉంది. తర్వాత ఎన్ని తిన్నా అంత కారంగా ఏదీ అనిపించలేదు.

ఇంట్లో పిల్లలిద్దరికీ అదొక ఆట. ఒకే మంచం, ఒకే దుప్పటి. దీపం ఆర్పాక తిస్కార్ దుప్పటిలోంచి తల బయటికి పెట్టి, "ఏమయ్యా చుట్టం, ఇన్నాళ్ళూ ఎక్కడ తప్పిపోయావ్?" అనేది. అన్సెల్మో ముసలివాడి గొంతు పెట్టి, "దారి తప్పానమ్మా. రొట్టె ఏమైనా మిగిలిందా?" అనేవాడు. రోజూ అవే మాటలు, రోజూ అదే నవ్వు.

ఆ ఆట ఎప్పుడాగిందో కూడా ఆమెకి తెలుసు. అన్సెల్మోకి పదమూడేళ్ళప్పుడు, సెప్టెంబరు సంతలో. మెల్చోర్ ఒక కంచరగాడిదల బేరగాడిలో చుట్టాన్ని కనిపెట్టి, సంతంతా వినబడేలా కేకేసి కావలించుకుంటున్నాడు. బళ్ళో అన్సెల్మో పక్కన కూర్చునే కుర్రాళ్ళు నలుగురు చూశారు. "రాతి బిడ్డలు! రాతి బిడ్డలు!" అని పాట అందుకున్నారు. తల్లి లేక రాతి మీద దొరికారని వీళ్ళనలా ఏడిపించడం ఆ దేశంలో పాత రివాజు. మెల్చోర్ వాళ్ళకి టోపీ తీసి దణ్ణం పెట్టాడు. "మమ్మల్ని ఎవరూ తక్కువగా చూడకూడదని వెనకటికి రాజుగారే సంతకం పెట్టార్రా. మీ తాతల కోసం ఏ రాజు సంతకం పెట్టాడు?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్సెల్మో మాత్రం నూనెలో వేయించే తీపి చుట్టల బండి వెనక నక్కి కూర్చున్నాడు. ఆ రాత్రి తిస్కార్ అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇరవై ఆరో ఏట వాలెన్సియాలో లెయొనోర్‌ని చూసుకున్నాడు. మందుల షాపు యజమాని కూతురు. "నా మనవలకి అనాథాశ్రమం ఇంటిపేరు అక్కర్లేదు," అన్నాడు ఆ పెద్దమనిషి. అక్కడ ప్రతివాళ్ళకీ రెండు ఇంటిపేర్లుంటాయి, ముందు తండ్రిది, వెనక తల్లిది. ఆ అనాథాశ్రమం పేరు ఉన్నవాళ్ళు వద్దనుకుంటే ఖర్చు లేకుండా మార్చుకోవచ్చని చట్టం కూడా ఉంది. అన్సెల్మో ఒక సోమవారం వచ్చి, రిజిస్టర్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, తల్లి పేరు ముందుకు లాక్కుని మోలీనా అయి వెళ్ళిపోయాడు. ఇంటికి రాలేదు. తండ్రికి ఆ వార్త సారా దుకాణంలో ఎవరో చెబితే తెలిసింది.

మెల్చోర్ ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, చారు అంతా తాగి, చెంచా బోర్లించి అన్నాడు, "పాపం, వాడికిప్పుడు ఎంత చిన్న కుటుంబమైపోయిందో." అంతే. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తిస్కార్ క్షమించలేకపోయింది. తిట్టుంటే తనూ తిట్టి ఊరుకునేది. ఆయన తిట్టనిదంతా ఆమె తన లోపల దాచుకుని, ఏటా దానికీ సున్నం కొట్టుకుంటూ వచ్చింది.

"పేరు సంగతి వదిలెయ్," అంది తిస్కార్ ఇప్పుడు. కోపంలో 'మీరు' జారిపోయింది. "పేరు నీ ఇష్టం. కానీ నాన్న పోయినప్పుడు రాలేదే నువ్వు! ముక్కూ మొహం తెలీని చుట్టాలు ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. నేను లెక్కపెట్టాను. కంచరగాడిదల బేరగాడు కర్ర పట్టుకుని వచ్చాడు, గుర్తున్నాడా? రైల్లో సాసేజి పెట్టినాయన కొడుకు వచ్చాడు. శవపేటికకి నలుగురు ఎక్స్‌పోసితోలు భుజం పట్టారు. కన్నకొడుకు మాత్రం లేడు. ఇప్పుడు పక్కన పడుకోడానికి వచ్చావా?"

"వచ్చాను తిస్కార్."

"వచ్చావులే, కనబడుతోంది. నలభై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా."

"అప్పుడే వచ్చాను."

గోడ వెంట పీచుల చప్పుడు ఆగిపోయింది. అన్సెల్మో కోటు లోపలి జేబులోంచి పర్సు తీసి, దాంట్లోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి తీశాడు. మడతల దగ్గర చిరిగి, మళ్ళీ అంటించి ఉంది. నల్ల అంచు, పైన సిలువ. తొర్రెలోసాలో ఎవరు పోయినా గంటలో అలాంటి కాగితాలు అచ్చేయించి ఊరి గోడల మీద అంటిస్తారు, అవి చూసే జనం వస్తారు.

"నాకు టెలిగ్రాం వచ్చింది," అన్నాడు. "రాత్రంతా రైలు. నాలుగు గంటల బస్సుకి దిగాను. అయిదింటికి కదా గూట్లో పెట్టేది. బస్సాగే చోట గోడ మీద ఇది ఉంది."

ఆమెకి చూడక్కర్లేదు. అందులో ప్రతి మాటా తను చెప్పి రాయించిందే. 'మెల్చోర్ ఎక్స్‌పోసితో ప్రభువు సన్నిధికి చేరారు. వారి కుమార్తె తిస్కార్, మరియు మిగతా బంధువర్గం మీ ప్రార్థన కోరుతున్నారు.'

"రెండుసార్లు చదివాను," అన్నాడు అన్సెల్మో. "మూడోసారి వేలు పెట్టి చదివాను, ఎక్కడైనా పొరపాటున కిందెక్కడో వేశారేమోనని. లేదు. సరేలే, నాన్నే చివర్లో అలా చెప్పి పోయుంటాడు అనుకున్నాను. తప్పు నాదే కదా, ఆయన మాట కాదని లోపలికెలా వెళ్తాను? గోడ మీంచి పీక్కుని, అదే బస్సెక్కి వెనక్కి పోయాను."

తిస్కార్ నిచ్చెన మెట్టు మీద కూర్చుంది.

ఆ పొద్దుటి సంగతి ఆమె మర్చిపోయింది లేదు. అచ్చాఫీసు దమియాన్ కళ్ళజోడు పైకి తోసుకుని, "మరి అబ్బాయి పేరో?" అన్నాడు. "వాడు ఎక్స్‌పోసితో కాదు," అంది తను. దమియాన్ నెమ్మదిగా చెప్పాడు, "పిల్లలకి ఇంటిపేరు వెయ్యం కదమ్మా. పైన నాన్నగారిది ఉంటుంది. కింద వట్టి పేరే. అన్సెల్మో అని వేస్తే చాలు." "వెయ్యొద్దన్నానా?" అని బల్ల మీద చరిచింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, తండ్రి శవం ఇంట్లో ఉంది, నిద్ర లేదు, ఒళ్ళు తెలీని కోపం. ఒక్క పేరు. అచ్చులో పట్టుమని అంగుళం కూడా లేదు.

"నాన్న చెప్పలేదు," అంది. "నాన్న ఏమీ చెప్పలేదు అన్నయ్యా. చివరి రోజు కూడా నాలుగు గంటల బస్సు వచ్చిందా అనే అడిగాడు. నేనే తీయించేశాను. నేనే."

నలభై ఒక్క ఏళ్ళు అన్న రాలేదని ఈవిడ పళ్ళు నూరింది. నలభై ఒక్క ఏళ్ళు తండ్రి తనని బయట పెట్టేశాడని అన్న వాలెన్సియాలో కుమిలాడు. మెల్చోర్ మాత్రం ఎవర్నీ బయట పెట్టలేదు. బయట పెట్టడమంటే ఏమిటో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

"టెలిగ్రాం ఇచ్చింది నేనే," అంది కాందెలాస్, ఎవరూ అడక్కుండానే. ముక్కు చీదింది. "మీ అన్న రాలేదు కదా, చెబితే నువ్వు నన్ను చంపేస్తావని ఊరుకున్నా."

"ఇప్పుడు మాత్రం చంపననుకుంటున్నావా?" అంది తిస్కార్. కానీ చెయ్యి చాచి కాందెలాస్ చేతి గుడ్డ తీసుకుని మొహం తుడుచుకుంది. బ్లీచింగ్ వాసన కళ్ళలోకి ఎక్కింది, అది మంచిదే అయింది.

అన్సెల్మో కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఆమె లాక్కుంది. నాలుగు ముక్కలు చేసి బకెట్లో పడేసింది.

"ఆఫీసు రెండింటిదాకా ఉంటుంది. పద, సంతకం పెడతాను."

"మరి నువ్వెక్కడ..."

"అందులోనే. కొన్నేళ్ళు పోయాక నీ ఎముకలు మూటకట్టి ఓ పక్కకి జరుపుతారు. నాకూ చోటుంటుంది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకోలేదా? దుప్పటంతా నువ్వే లాక్కునేవాడివి. ఈసారి ముందే చెబుతున్నా."

"పలక మీద మోలీనా అని వేస్తే..." అన్సెల్మో తండ్రి పేరు వైపు చూసి ఆగాడు. "ఊళ్ళో వాళ్ళు ఏమంటారో."

"మోలీనా వెయ్యను, ఎక్స్‌పోసితో వెయ్యను. పైన నాన్నది ఉంది. పిల్లలకి వట్టి పేర్లే వేస్తారు. దమియాన్ అప్పుడే చెప్పాడు, నేనే వినలేదు."

అన్సెల్మో గోడకి చెయ్యి ఆనించాడు. తడిగా ఉన్న పాలరాయి మీద, సరిగ్గా ఆ ఇంటిపేరు మీద, అరచెయ్యి పెట్టాలని చూశాడు గానీ అందలేదు. మూడో వరస. భుజం పైకి లేవడంలేదు. ఆ చెయ్యి గాల్లో అలా ఉండిపోవడం తిస్కార్ చూడలేకపోయింది. దగ్గరికి వెళ్ళి, తన తడి చెయ్యి ఆ జారిపోతున్న కోటు భుజం మీద వేసింది. తండ్రి వేసినట్టే, బరువుగా.

"ఏమయ్యా చుట్టం," అంది. "ఇన్నాళ్ళూ ఎక్కడ తప్పిపోయావ్?"

ఆయన చెయ్యి కిందికి దించాడు.

"దారి తప్పానమ్మా," అన్నాడు అన్సెల్మో ఎక్స్‌పోసితో. "రొట్టె ఏమైనా మిగిలిందా?"

తిస్కార్ బకెట్ పక్కనున్న సంచీ విప్పింది. మధ్యాహ్నానికని నూనె పోసి తెచ్చుకున్న రొట్టె ఉంది. రెండుగా విరిచి, పెద్ద ముక్క ఆయన చేతిలో పెట్టింది.